అనుభవదారు

పసుపు పట్టిన రోజు పిండి గిర్నిని శుభ్రం చేయడం పెద్ద పని. రోజారాణి తొట్టిలో నూకలు పోసి కాసేపు తిప్పింది. పచ్చగా రాలిన పిండిని పక్కన పెట్టి, పాత చీర ముక్కతో గోడలు తుడవడం మొదలుపెట్టింది. తుడవకపోతే భర్త ఓంప్రకాశ్ సాయంత్రం వచ్చి గోడను వేలితో రాసి చూస్తాడు. "ఇది ఇల్లా, గోదామా?" అంటాడు. ఆ మాటకు గొంతు పెంచడు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంటాడు.

వాకిట్లో బండి ఆగింది. మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ చూసే సంతోష్‌రావు, వెంట ఒక పనివాడు.

"మీ ఆయన ఉన్నడా అమ్మా?"

"కార్ఖానకు పోయిండు. ఏంది సార్, నాకు చెప్పుండ్రి."

"ఉండే ఇంట్ల పర్మిషన్ లేకుంట మిషన్ నడుపుతున్నరని ఫిర్యాదు వచ్చిందమ్మా. బంద్ చెయ్యాలె."

"గట్లెట్ల సార్, ముందుగాల ఒక మాట చెప్పకుంట?"

"నోటీసిచ్చి నెల దాటింది. మీ ఆయననే తీస్కున్నడు."

రోజారాణి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. జొన్నల డబ్బాతో అరుగు మీద కూచున్న పక్కింటి లీలాబాయి లేచి వచ్చింది. "మూలమీద వెల్డింగు దుకాణం నడుస్తలేదా? గా మేడకు రోడ్డుమీదికి మెట్లు కట్టుకోలేదా? మీకు గీ ఆడిమనిషే దొరికిందా?"

"వాళ్లమీద ఫిర్యాదు రాలేదమ్మా. మేం గల్లీగల్లీ తిరిగి చూడం, ఎవలన్న చెప్తెనే వస్తం" అన్నాడాయన, కొంచెం ఇబ్బందిగా. పనివాడు మోటారు స్విచ్చు డబ్బాకు తీగ చుట్టి లక్కముద్ర వేశాడు. లీలాబాయి జొన్నల డబ్బాను చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ గిర్ని రోజారాణి బాపు ఇచ్చింది. ఆయన ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. మిల్లువాళ్లు తుక్కుకు వేసిన యంత్రాల్లోంచి ఒక్కొక్కటే ఏరి, ఒక వేసవంతా కూచుని దాన్ని నిలబెట్టాడు. "చప్పుడు ఇను బిడ్డా, రాయి అరిగితే అదే నీకు చెప్తది" అని తొట్టి మీద ఆమె చెయ్యి పెట్టించాడు. ఆ మరుసటేడే పోయాడు. గిర్ని వచ్చాకే కూతురు స్పందన కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. గిర్ని వచ్చాకే ఈ గల్లీ ఆడవాళ్లు రోజారాణిని పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నారు. అంతకుముందు ఆమె ఓంప్రకాశ్ భార్య, లేకపోతే సక్కుబాయి కోడలు.

సాయంత్రం ఓంప్రకాశ్ వచ్చి ముద్రను చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"మంచిదే అయింది. దుమ్ముకు మా అవ్వ దగ్గుతుంది."

"నోటీసు వచ్చిందని నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తుంటివి? నువ్వేమన్న వకీలువా?" అని చెప్పులు విడిచి లోపలికి పోయాడు. పళ్లెం ముందు కూచున్నాక, "ఉల్లిగడ్డ కొయ్యలేదా?" అని అడిగాడు. ఆమె కోసి పెట్టింది. కోస్తూ, తన చేతుల మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

మర్నాడు మంచాన ఉన్న అత్తకు గంజి తాగించి, దుప్పటి మార్చి, మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లింది. సంతోష్‌రావు చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు. లావుపాటి నిబంధనల పుస్తకం తీసి, మొదట్లోనే ఉన్న నిర్వచనాలు తిప్పుతూ చెప్పాడు. ఇంట్లో ఒక అర్రలో తమకోసం చేసుకునేది ఇంటి పని. అదే మోటారుతో బయటివాళ్లకు పిండి పట్టి ఇస్తే వ్యాపారం. దానికి అనుమతి కావాలి, అనుమతికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి.

"యజమాని గాక ఇంకెవలు అడగొద్దా సార్?"

"అనుభవదారు అడగొచ్చు. అంటే ఇంట్ల ఉండేటోళ్లు. కని యజమాని ఒప్పుకుంటెనే."

"గా అనుభవదారంటే ఎవలెవలు?"

ఆయన వేలు పెట్టి చదివాడు. సొంత ఇంట్లో ఉంటున్న యజమాని. అద్దె కట్టేవారు. అద్దె కట్టకుండా ఉంటున్నవారు.

"మరి నేను గా మూడిట్ల ఏమైత సార్?"

సంతోష్‌రావు తల గోక్కున్నాడు. "ఇల్లు మీ పేరుమీద లేదు. కిరాయి కడ్తలేరు. గీ ఆఖరుదాంట్ల వస్తరమ్మా, కిరాయి కట్టకుంట ఉండేటోళ్లల్ల." ఆ తర్వాత, ఆమె మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, మెల్లగా అన్నాడు. "మా తప్పేం లేదమ్మా. ఫిర్యాదు ఇచ్చింది ఇంటి యజమానురాలే. సక్కుబాయి మీ అత్తనే గద?"

ఇంటికి ఎలా నడిచి వచ్చిందో రోజారాణికి తెలియదు. అద్దె కట్టకుండా. పెళ్లయి వచ్చిన వారానికే మామ కాలు విరిగి మంచాన పడ్డాడు, ఆయన పోయేదాకా మంచం కింది కుండ ఎత్తి పోసింది ఎవరు? నల్లా లేని రోజుల్లో బోరింగు దగ్గరి నుంచి బిందెలు మోసింది ఎవరు? స్పందన కడుపులో ఉన్నప్పుడు కూడా అత్త, "మేం జేయలేదా?" అనేది, ఓంప్రకాశ్ వినపడనట్టు పేపరు చూసేవాడు. నెలసరి నొప్పితో ముడుచుకు పడుకున్న రోజు, "మల్ల వంటెవలు జేస్తరు?" అని తలుపు దగ్గర నిలబడి అడిగాడు. అందులో కోపం కూడా లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఇంత చేసినా ఆమె ఆ ఇంట్లో ఊరికే ఉంటున్న మనిషి. పుస్తకం రాసినవాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. వాళ్లకు ఆమె ఎవరో తెలియదు. కానీ ఆ మాట ఓంప్రకాశ్ మనసులోనూ ఎప్పటినుంచో ఉంది. అతని తల్లి మనసులోనూ ఉంది. చివరికి తన మనసులోనూ ఏదో మూల ఉందని ఆ ఎండలో నడుస్తుంటే తెలిసి, ఏడుపొచ్చింది.

సక్కుబాయికి స్నానం చేయించే వేళయింది. పక్షవాతం వచ్చిన ఎడమ చేతిని ఎత్తి పట్టుకుని, వీపు రుద్దుతూ అడిగింది.

"అత్తమ్మా, గిర్ని బంద్ చెయ్యిమని నువ్వు చెప్పినవా?"

ముసలావిడ తల వంచుకుంది. "వాడు కాయితమ్మీద ఏలిముద్ర ఎయ్యమన్నడు. పింఛన్‌దనుకున్న."

"ఇల్లు నీ పేరుమీద ఉందట. నువ్వు ఒప్పుకుంటున్న అంటె చాలు, మల్ల తీస్తరు. రేపు సార్‌ను ఇంటికే పిలుస్త. చెప్తవా?"

"ఇల్లు నాదా?" అని సక్కుబాయి నవ్వబోయింది. నవ్వు రాలేదు. రోజారాణి మణికట్టును మంచి చేత్తో పట్టుకుంది. "కొడుకుమీదికి నేనెట్ల చెప్త బిడ్డా? వానికి కోపమొస్తే రేపు నన్నెవలు సూస్తరు?"

'నిన్ను చూస్తున్నది నేను' అని రోజారాణి నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది. తనకున్న భయమే ఆ కళ్లలోనూ ఉంది, ఇంకో ముప్పై ఏళ్లు ముదిరిన భయం. చెంబుతో నీళ్లు పోసి, ఒళ్లు తుడిచింది.

ఆ సాయంత్రం ఓంప్రకాశ్‌ను ఒకే ఒక్కటి అడిగింది. "ఎందుకు జేసినవ్?"

అతను అబద్ధం ఆడలేదు. "కార్ఖానల నన్ను గిర్ని రోజారాణి మొగడంటున్నరు. నాకు పేరు లేదా?"

పెళ్లయినప్పటి నుంచీ ఆమెకూ అదే ప్రశ్న ఉంది, ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. అతని మీద జాలి కలిగింది. జాలి తర్వాత, వాన వెలిసినట్టు లోపల అంతా ఖాళీ అయిపోయింది.

బస్టాండు వెనక వీధిలో ఒక షటరు దుకాణం ఖాళీగా ఉందని, వెనకాల చిన్న గది కూడా ఉందని లీలాబాయి కనుక్కొచ్చింది. అక్కడ దుకాణాలకు అభ్యంతరం లేదు. యంత్రాన్ని తరలిస్తానని రాసిచ్చాక సంతోష్‌రావు వచ్చి ముద్ర తీసేశాడు. లైసెన్సు మీ ఆయన పేరు మీద రాయాలా అని అడిగితే, "రోజారాణి అని రాయుండ్రి" అంది.

గిర్నిని ట్రాలీలోకి ఎక్కించిన పొద్దున ఓంప్రకాశ్ అరుగు మీద నిలబడి చూశాడు. "గిర్ని తీస్కవోతున్నవ్ సరే. గా ట్రంకు పెట్టె ఎందుకు?" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లింది. ముందర అర్రలో యంత్రం ఉన్నచోట నేల తెల్లగా, చుట్టూ పసుపుగా ఉంది. తుడవలేదు.

సక్కుబాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అడుగుల చప్పుడుకు ఇటు తిరిగింది.

"మల్ల వస్తవా బిడ్డా?"

రోజారాణి వంగి, జారిన కొంగును ఆమె భుజం మీదికి సర్దింది.

"పొద్దుగాల నీకు తానం జేపియ్యనీకి వస్త అత్తమ్మా. ఉండనీకి రాను."