పదకొండు గంటల విమానం, ముప్పై ఏళ్ల మీసం

దర్జీ బావమరిది పొద్దున్నే ఆరింటికి విమానం ఎక్కాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం, అదీ భూమికి అవతలి అంచున. దిగంగానే ఫోన్ చేస్తానన్నాడు. ఇక దర్జీకి చేతులు ఊరుకోలేదు. బట్టల కంపెనీవాడు ఊరికే ఇచ్చిన ప్రపంచ పటం గోడ మీద ఉంది. దాని మీద టేపు పరిచాడు.

"పదహారు సెంటీమీటర్లు. ఒక్కోటీ ఎనిమిది వందల కిలోమీటర్లని మూలన రాసుంది. విమానం గంటకి తొమ్మిది వందలు. పద్నాలుగు గంటల పైనే!" అన్నాడు, పక్క సెలూన్‌కి వినబడేలా.

బార్బరు గుమ్మంలోకి వచ్చాడు. "పదకొండు."

"నీ మొహం. టేపు అబద్ధం చెబుతుందా?"

"టేపు చెప్పదు, నువ్వు చెప్తావ్. పందెం కాస్తావా? నేనోడితే నున్నటి గుండు. నువ్వోడితే ఆ మీసం."

దర్జీ చెయ్యి మూతి మీదికి పోయింది. ఆ మీసం కింద ఒక గీత ఉంది. ఆరో తరగతిలో పటం మీద ఏదో సముద్రాన్ని తప్పు చోట చూపించినందుకు మాస్టారు ఇనుప అంచు స్కేలుతో పెదవి చీల్చాడు. ఆ సాయంత్రమే బడికి ఓ దణ్ణం పెట్టి వచ్చేశాడు. మీసం మొలిచాక ఆ గీతని ఎవడూ చూడలేదు, కట్టుకున్న పెళ్లాంతో సహా. మానేస్తే పోయేది. కానీ పటం విషయంలో ఇంకోసారి తల వంచడమా?

"కాశాను పో," అన్నాడు.

ఆ రోజు కుట్టిన రెండు చొక్కాలకూ కాలర్లు వంకరపోయాయి. చూపంతా సెలూన్ గడియారం మీదే. అయిదుంబావుకి ఫోను మోగింది.

"బావా, ఇప్పుడే చక్రాలు నేలకి..."

"టైమెంతరా?" అని అరిచి, గడియారం చూసి, ఫోను పెట్టేశాడు.

బార్బరు లోపలికెళ్లి మనవరాలి గ్లోబు తెచ్చాడు. కనుబొమలు తీసే దారం ఈ ఊరి నుంచి ఆ ఊరికి బిగించి పట్టాడు. దారం పైపైకి ఎగబాకి, మంచు దేశాల నెత్తి మీదుగా దగ్గరి దారిన అవతలికి దిగింది.

"ఊళ్లో ప్రతి బొజ్జకీ చొక్కా కుడతావే! గుడ్డ బల్ల మీదుంటే ఒక కొలత, బొజ్జ మీదుంటే ఒక కొలత అని నీకు నేను చెప్పాలా? నాది గుండ్రటి తలల మీద బతుకు నాయనా. రా, కూర్చో."

దర్జీ కూర్చున్నాడు. సగం గీశాక కత్తి ఆగింది.

"ఇదేంట్రా?"

"సోషల్ మాస్టారు. పటం తప్పు చూపించానని."

బార్బరు కత్తి తుడిచాడు. "ఆయన దగ్గరా ఇలాంటి చదును పటమే ఉండుంటుంది, వెధవ," అన్నాడు. "సగంతో ఆపనా?"

"సగం మీసంతో ఏ ఊరేగింపుకి పోవాలి? కానీ."

సబ్బు తుడుస్తుండగా దర్జీ పెళ్లాం రుసరుసలాడుతూ వచ్చింది. "మా తమ్ముడు క్షేమంగా దిగాడా అని అడక్కుండా టైమడిగి పెట్టేశారట! వాడు నాతో చెప్పుకుని..."

దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. దర్జీ కళ్లు మూసుకున్నాడు.

"ఇంతేనా?" అంది. "ఈ దారప్పోగు కోసమా ముప్పై ఏళ్లు నాకు ఆ చీపురు గుచ్చారు!"