నా కేసు, వాళ్ళ భోజనం

“ఓపలీన్, మొక్కజొన్న రొట్టె ఇంకాస్త పట్రా!”

కేసు వేసిన కొత్తలో ఒక రాత్రి, ముందుగదిలోంచి మా ఆయన క్లీతస్ కేక. మా భోజనబల్ల చుట్టూ పాస్టరుగారు, లాయరు గాడ్స్‌డెన్ గారు, చర్చి పెద్దలు కూర్చుని సమానత్వం గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ సమానత్వం నాది. నల్లపిల్లల బడిలో పంతులమ్మను నేను, పైచదువుకి చేర్చుకోలేదని రాష్ట్ర యూనివర్సిటీ మీద కేసు వేసినదాన్నీ నేనే. “ఆవిడ తట్టుకోగలదా?” అని లాయరుగారు అడిగితే, “మా ఆవిడ గట్టిది లెండి” అని క్లీతస్ జవాబిచ్చాడు. ఆ గట్టిది వంటింట్లో కోడిముక్కలు వేయిస్తూ చెమటలు కక్కుతోంది. నన్నే అడగొచ్చు కదా! అడగాలంటే ఎవరో ఒకరు లేచి వంటింటిదాకా రావాలి మరి.

అసలు నల్లవాళ్ళు పైచదువు అడిగితే, అమెరికా దక్షిణాదిలోని మా రాష్ట్రం రైలు ఖర్చులిచ్చి మరీ న్యూయార్క్ పంపేది. ఇక్కడ తెల్లపిల్లల పక్కన కూర్చోకపోతే చాలని దాని బాధ. నేనూ న్యూయార్క్ వెళ్తానంటే మా అత్తగారు గుండెలు బాదుకుంది. “నువ్వెళ్తే నా కొడుక్కి వండిపెట్టేదెవరే?” క్లీతస్ బాగా ఆలోచించి, ఊళ్ళో యూనివర్సిటీ పెట్టుకుని అంత దూరం పోవడమేంటి, ఇది అన్యాయం, పోరాడాల్సిందే అన్నాడు. ఆయన పోరాటంలో సగం, రాత్రి భోజనం కోసమేనని నా అనుమానం. మిగతా సగం మాత్రం నిజం. మిల్లులో పనిలోంచి తీసేస్తామని బెదిరించినా మనిషి వెనక్కి తగ్గలేదు. అందుకే ఆయన మీద కోపం ఎంతోసేపు నిలవదు.

కోర్టు చేర్చుకోమంది. యూనివర్సిటీ చేర్చుకుంది, తన పద్ధతిలో. క్లాసులో నాకో మూల, క్యాంటీన్‌లో గోడవారగా నాకో బల్ల, దాని చుట్టూ కర్రలతో దడి. మేకను కట్టేసినట్టు నన్ను అందులో కూర్చోబెట్టారు. మొదటిరోజు అవమానంతో పళ్ళెం ముట్టకుండానే లేచి వచ్చేశాను. కొన్నాళ్ళకి ఒక సంగతి కనిపెట్టాను. సూపు వేడిగా ఉంది! పెళ్ళయిన ఇన్నేళ్ళలో కూర్చుని, వేడివేడిగా, మధ్యలో ఎవరూ కేకేయకుండా నేను తిన్న భోజనం అదొక్కటే. పకపకా నవ్వొచ్చేసింది. దడిలో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే తెల్లపిల్లలు బెదిరిపోయి చూశారు. ఆ నవ్వు వెనకే ఒళ్ళు మండింది. వెలివేసిన చోట దొరికిన వేడి భోజనం నా సొంతింట్లో నాకెందుకు దొరకదు? ఈ ప్రశ్నకి ఏ కోర్టుకి పోవాలో గాడ్స్‌డెన్ గారికి కూడా తెలియదు.

దడి మీద మళ్ళీ కేసు వేశాం. మళ్ళీ సమావేశాలు, మళ్ళీ కోడివేపుడు. ఈ జూన్‌లో గెలిచాం. ఇవాళ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్తే గోడవారన నా బల్లా లేదు, దడీ లేదు. పళ్ళెం పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాను. ఎర్రజుట్టు అమ్మాయి ఒకతె పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసి, “ఇక్కడ కూర్చోండి. బఠానీలు మాత్రం తినకండి, ఘోరం” అంది. ఘోరంగానే ఉన్నాయి. ఒక్కటి వదలకుండా తిన్నాను.

సాయంత్రం మా ఇంట్లో పండగ. మళ్ళీ అదే బల్ల, అదే మనుషులు. అత్తగారూ నేనూ వంటింట్లో. క్లీతస్ గొంతు వినిపించింది. “ఇకమీదట మా ఓపలీన్ ఎవరి బల్ల దగ్గరైనా దర్జాగా కూర్చుంటుంది!” అందరూ చప్పట్లు కొట్టారు.

పొయ్యి ఆర్పాను. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించాను. వంటింటి స్టూలు మోసుకెళ్ళి, “కాస్త జరగండి పాస్టరుగారూ” అని మధ్యలో వేసుకుని కూర్చున్నాను. నాకు నచ్చిన ముక్క, తొడముక్క, పళ్ళెంలో వేసుకున్నాను. చప్పట్లు ఆగిపోయాయి. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నోరు తెరుచుకుని చూస్తోంది. క్లీతస్ గొంతు సవరించుకుని, “ఓపలీన్, మరి రొట్టె…” అన్నాడు.

“పొయ్యి దగ్గరుంది, తెచ్చుకో. వస్తూ వస్తూ అత్తయ్యకో కుర్చీ పట్రా” అన్నాను వేడి ముక్క ఊదుకుంటూ. “మన వంటింటికి దడేమీ లేదుగా క్లీతస్, ఎవరైనా వెళ్ళొచ్చు.”