చూడకూడని కన్ను

రథయాత్ర వెళ్ళిన వారానికల్లా రాయగడలో సగం ఊరు ఎర్రకళ్ళేసుకుని తిరిగింది. కళ్ళకలక. ఒకళ్ళమీద ఒకళ్ళు పడి రథం తాడు లాగిన జనం పుణ్యంతోపాటు దీన్నీ పంచుకున్నారు. దీనికి మందు చంటిబిడ్డ తల్లి పాలు, రెండు చుక్కలు. పథ్యమేమిటంటే, కలక వచ్చినవాడి కళ్ళలోకి ఎవరూ చూడకూడదు. చూస్తే అంటుకుంటుంది. ఇది చెప్పడానికి డాక్టరెందుకు, వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

అమ్మడి తండ్రి దాలయ్యకీ కన్ను ఎర్రబడింది. మునిసిపాలిటీలో కుళాయిలు వదిలే మనిషి. ఎడమకన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. మిగిలిన కుడికంటికి పొర కమ్మితే, మొన్న శీతాకాలంలో కంటి శిబిరంవాళ్ళు ఆపరేషన్ చేసి తీశారు. సోడాబుడ్డి అద్దాలిచ్చారు. ఆ ఒంటికన్నుతోనే, పురిటికొచ్చిన అమ్మడి బిడ్డని ఒళ్ళో వేసుకుని, "అచ్చం మా అమ్మేనే!" అని వీధంతా టముకు వేశాడు. గుమ్మం తొక్కినవాళ్ళెవరూ అవునని ఒప్పుకోకుండా బయటపడింది లేదు.

ఇప్పుడా మనిషే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

"అమ్మీ, పాలు పొయ్యి. కంట్లోకి మాత్రం సూడకు. నీకొస్తే పాలు తాగే గుంటకొస్తాది."

అమ్మడు అలాగే చేసింది. మొహం పక్కకు తిప్పుకుని, చేత్తో తడిమి రెప్ప లాగి, ఉజ్జాయింపుగా పాలు పిండేది. సగం చెంపమీద పడేవి. పక్కింటి అప్పమ్మ గుమ్మం అవతలే నిలబడి, "మావోడికి తగ్గిపోనాది. ఈయనకీ తగ్గుతాది" అని ధైర్యం చెప్పి పోయేది.

వీధిలో అందరికీ తగ్గింది. దాలయ్యకి మాత్రం నొప్పి తలలోకి పాకింది. అన్నం సయించడం లేదు.

"ఆపరేషన్ సేసిన కన్ను కదా నాన్నా, ఆస్పత్రికి పోదుమా?"

"ఆపరేషనెప్పుడు, ఇదెప్పుడే! అది మాఘమాసంలోనే మానిపోనాది. అందరికీ వచ్చిందే నాకూ వచ్చింది" అని కసిరాడు.

ఆ మాట నిజంలాగే ఉంది. అనవసరంగా భయపడ్డానని అమ్మడు సిగ్గుపడింది కూడా.

ఒకరోజు ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఇంకా తెల్లారలేదేటే?" అన్నాడు.

వాకిట్లో ఎండ కాస్తోంది. అమ్మడు బిడ్డ సంగతి మరిచి తండ్రి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. అన్నాళ్ళకి అప్పుడు చూసింది. నల్లగుడ్డు అడుగున తెల్లగా నిలిచి ఉంది. తన పాలే అనుకుని కొంగుతో అద్దింది. పోలేదు. మళ్ళీ అద్దింది.

విశాఖపట్నం పెద్దాసుపత్రికి రైల్లో తీసుకుపోయారు. డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు.

"ఇది కలక కాదమ్మా. లోపలంతా చీము. ఆపరేషన్ కోత దగ్గర కుట్టు వదులై, అక్కణ్ణుంచి క్రిమి దిగింది. నెలలు గడిచాక కూడా ఇలా వస్తుంది. ఎర్రబడగానే తెస్తే ఏమైనా చేసేవాళ్ళం. ఈ తెలుపు ఎప్పుడు కనబడింది?"

అమ్మడు ఏం చెబుతుంది, ఎవరు చూశారు గనక!

"దాన్నడక్కండి బాబూ. నేనే సూడొద్దన్నాను" అన్నాడు దాలయ్య.

అందరిముందూ చెంపమీద కొట్టినా ఆమె అంత కుమిలిపోయేది కాదు.

చూపు ఇక రాదని చెప్పి, కంటికి కట్టుకట్టి పంపేశారు. ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి, బిడ్డని ఆయన ఒళ్ళో పెట్టబోయింది అమ్మడు. దాలయ్య గబుక్కున మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వద్దే, అంటుకుంటాది."

"కలక కాదంట కదా నాన్నా. అంటుకోదంట."

దాలయ్య చెయ్యి చాపి బిడ్డ బుగ్గ తడిమాడు.

"అయితే ఇన్నాళ్ళూ గుంట మొకం సూసుకోవాల్సింది" అన్నాడు.