మఫ్లర్ మనిషి

వర్క్‌షాపు గుంతలోకి దిగి కారు అడుగు భాగానికి టార్చి వేసిన రాజలింగానికి, తన కొడుకును జైలుకు పంపిన బాంబు కనబడింది.

సైలెన్సర్ పొట్ట పొడుగునా పగిలింది. రేకు అంచులు బయటికి విచ్చుకున్నాయి. వెనక మూత లేదు. అరచేతంత గుండ్రటి రేకు, మధ్యలో గొట్టానికి బెజ్జం. అది ఉండాల్సిన చోట మసి పట్టిన తొర్ర ఉంది.

ఆ రేకు ఎక్కడుందో అతనికి తెలుసు. పోలీసుల దగ్గర ఉంది. తెల్లగుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీశారు. లాయరు ఇచ్చిన రిమాండ్ రిపోర్టు జిరాక్సులో, ఆ ఫొటో కింద 'బాంబు శకలం' అని ఉంది. వారం రోజులుగా ఆ కాగితాలు అతని చొక్కా జేబులోనే నలుగుతున్నాయి. తార్నాకలో ఇరవై ఏళ్లుగా సైలెన్సర్లు బిగిస్తున్నవాడు సైలెన్సర్ మూతను గుర్తుపట్టలేకపోయాడు. బాంబు అని రాసి ఉంటే బాంబనే చూశాడు. తన మీద తనకే మండింది.

తొమ్మిది రోజుల కిందట కాంపస్ గేటు దగ్గర విద్యార్థులు తెలంగాణ కోసం రోడ్డు మీద బైఠాయించినప్పుడు పెద్ద పేలుడు వినిపించింది. ఆ వెంటనే లాఠీలు లేచాయి. మెడకు మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డ అతని కొడుకు శ్రావణ్‌ను పట్టుకుపోయారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అనగానే అనుమానం కూడా అక్కర్లేకపోయింది వాళ్లకు. పేపర్లు 'మఫ్లర్ మనిషి' అని పేరు పెట్టాయి. బెయిలు ఒకసారి కొట్టేశారు. రేపు మళ్లీ వాదన. రేపు కూడా రాకపోతే పరీక్ష పోతుంది. ఆ సెక్షన్లే నిలబడితే ఏళ్లకేళ్లు పోతాయి.

"అంకుల్, అయిందా? సౌండ్ అస్సలు రానిది ఏదైనా సరే, వేసెయ్యండి," పైనుంచి అరిచాడు కారు తెచ్చిన కుర్రవాడు.

రాజలింగం మెట్లెక్కి పైకి వచ్చాడు. కారు పాతది, కార్బొరేటర్ రోజులది. కుర్రవాడికి ఇరవై రెండుంటాయి. ఇస్త్రీ చొక్కా. కాలు ఒకచోట నిలవడం లేదు.

"గిది ఎవలు బిగిచ్చిన్రు?"

"ఫ్రెండ్ ఇచ్చాడు. స్పోర్ట్స్ టైప్. బేస్ బాగా వస్తుందని..."

వెల్డింగు చేస్తున్న దానయ్య అద్దాలు నుదుటి మీదికి నెట్టి, వంగి చూశాడు. "బేసా? లోపల అరల్లేవు, జాలీ లేదు, దూది లేదు. ఉత్త డబ్బ. గీ బండి రోడ్డు మీదికెల్లి పోతుంటే బోనాలొచ్చినయనుకుంటరు జనం."

కుర్రవాడు నవ్వబోయాడు. రాజలింగం నవ్వలేదు. బల్ల మీద రెండు కొత్త సైలెన్సర్లు పక్కపక్కన పెట్టాడు.

"ఇది మూడు అరలది. సప్పుడు లోపల్నే తిరిగి తిరిగి సస్తది. ఇది జాలీ గొట్టం, సుట్టూ గాజుదూది. కొంచెం గుర్రుమంటది. ఏది గావాలె?"

"మొదటిదే. దేనికి తక్కువ సౌండొస్తే అది."

"స్పోర్ట్స్ కావాలన్న పిలగానికి ఇంత సైలెంటు ఎందుకు వడ్డది?"

"స్పీడ్ బ్రేకర్ తగిలి పగిలింది. మళ్లీ ఆ గోలెందుకని."

"స్పీడ్ బ్రేకర్ తాకితే లోపలికి సొట్ట వోతది," అన్నాడు దానయ్య. "ఇది లోపల్నుంచి బయటికి విచ్చుకున్నది. బండి ఉరుకుతుండంగ చావి బంద్ చేసి మళ్ల తిప్పినవ్. కాలని పెట్రోలు పోయి పొట్టల నిండింది. ఢామ్మన్నది. నాకు జెప్తవా స్పీడ్ బ్రేకర్లు?"

రాజలింగం బండ్ల వివరాలు రాసుకునే పుస్తకం తీశాడు.

"పేరు?"

"సాకేత్."

"ఏడుంటరు?"

"రామంతాపూర్. టీవీ స్టేషన్ వెనక."

రాజలింగం పెన్ను ఆగింది. "నాయన పేరు?"

"వెంకటసుబ్బారావు. అంకుల్, మఫ్లర్ మార్చడానికి మా నాన్న పేరెందుకు?"

వర్క్‌షాపులో కంప్రెసర్ ఒక్కటే చప్పుడు చేస్తోంది. రాజలింగం దాన్ని కట్టేశాడు.

"ఏమన్నవ్?"

"మా నాన్న పేరెందుకని..."

"దానికి ముంగటి మాట."

"మఫ్లర్. మఫ్లర్ మార్చడానికి."

"సైలెన్సర్ అంటరు దాన్ని. తార్నాకల అడుగు, అంబర్‌పేటల అడుగు, మల్కాజ్‌గిరిల అడుగు. మెకానిక్ అంటడు, ఆటో ఆయన అంటడు. మఫ్లర్ అంటే మెడకు సుట్టుకునేది."

"కార్ మ్యాగజైన్స్‌లో మఫ్లర్ అనే రాస్తారు. నాకదే అలవాటు."

రాజలింగం జేబులోంచి కాగితాలు తీశాడు. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. రెండో పేజీలో, సాక్షి సంతకం ఉన్న పంచనామా మీద వేలు పెట్టి, ఆ పోలీసు తెలుగును ఒక్కొక్క మాటగా చదివాడు.

"'సదరు పేలుడు దేని వలన కలిగినదని విచారించగా, కారు నడుపుచున్న సాక్షి 'మఫ్లర్, మఫ్లర్' అని చెప్పెను. అంతట మఫ్లర్ ధరించియున్న నిందితుని అదుపులోనికి తీసుకొనడమైనది.' సాక్షి పేరు సాకేత్. తండ్రి వెంకటసుబ్బారావు. రామంతాపూర్." తలెత్తాడు. "నిందితుడు నా కొడుకు."

సాకేత్ వెనక్కి ఒక అడుగు వేశాడు. వీపు కారుకు తగిలింది.

పైపు రెంచి రాజలింగం చేతిలోకి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. దానయ్య ఎగిరి నడుం పట్టుకున్నాడు.

"లింగన్నా! ఆగు! లాయరమ్మకు ఫోన్ జెయ్యి, ముందుగాల లాయరమ్మకు!"

"ఇడువు! నా కొడుకు పక్కటెముక ఇరిగింది దానయ్యా! గొంతు నొస్తుందంటే వాళ్లమ్మ కట్టింది మఫ్లర్! వద్దమ్మా అంటే ఇనకుండ కట్టింది! తొమ్మిది రోజులసంది ప్రమీల బువ్వ ముడ్తలేదు, నేనే కట్టిన, నేనే కట్టిన అని!"

దానయ్యే ఒక చేత్తో నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఉన్నదంతా అరిచి చెప్పాడు. లాయరు వైదేహి మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"లింగం గారూ, చెయ్యి చేసుకున్నారా?"

"ఇంక లేదు మేడం."

"చేసుకోకండి. ఒక్క దెబ్బ పడినా, కొట్టి చెప్పించారంటారు. రేపు ఆ మాట నేను కోర్టులో పెట్టలేను. శ్రావణ్ లోపలే ఉంటాడు, పక్కన మీరూ ఉంటారు. వింటున్నారా? అతను చెప్తే తనంతట తనే చెప్పాలి. రేపు నాతో వచ్చి జడ్జి ముందు అదే చెప్పాలి."

రెంచి బల్ల మీద పెట్టడానికి రాజలింగానికి చాలాసేపు పట్టింది. వేళ్లు విడిపోలేదు.

"మీ అబ్బాయని నాకు తెలీదు అంకుల్," అన్నాడు సాకేత్.

"నా కొడుకు గాకపోతే మంచిదేనా? ఇంకొకని కొడుకైతే లోపల ఉండొచ్చునా? ఏం మాట్లాడ్తున్నవ్‌రా?"

"పోలీసులే తప్పుగా అనుకున్నారు. నేను కరెక్టుగానే చెప్పాను."

"అనుకున్నరు! మరి ఈ కింద సంతకం ఎవనిది? అది గూడ పోలీసాయన అనుకున్నడా?"

రాజలింగం షటరు వైపు చెయ్యి చూపించాడు.

"తెరిచే ఉన్నది. పో. ముట్టను. కారు తీస్కపోతే తీస్కపో. గీ పొట్ట ఫొటోలు దానయ్య తీస్తడు. ఆ రేకు దీనికి అతుకుతదా లేదా, నేనే రేపు చూపిస్త. ఇరవై ఏండ్లసంది చేస్తున్న పని. అది నేను చెప్పగల్గుత. నువ్వు పొరపాటు పడ్డవా, కావాలని నా కొడుకును బలిచ్చినవా? అది మాత్రం నేను చెప్పలేను. నీకే ఎరుక."

దానయ్య గుంతలోకి దిగాడు. సెల్‌ఫోను కెమెరా రెండుసార్లు మెరిసింది. సాకేత్ షటరు దాకా నడిచాడు. మెయిన్ రోడ్డు మీద జై తెలంగాణ అంటూ ఒక ర్యాలీ కాంపస్ వైపు పోతోంది. అది దాటిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, టైర్ల మీద కూర్చుని, బల్ల మీది ఫోను వైపు చూశాడు.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెడుతున్నారా?"

"లేదండి. నేనే చెప్తున్నా. రేపు కోర్టులోనూ ఇదే చెప్తా. ఆ రోజు నాకు ఇంటర్వ్యూ ఉంది. గంటన్నర గేటు దగ్గర కారు కదల్లేదు. ఒకతను వచ్చి అద్దం మీద స్టిక్కర్ అంటించాడు. ఇంకొకతను నా ఆంధ్రా యాస విని, మీ ఊరికి ఎప్పుడు పోతున్నవ్ అని నవ్వాడు. నేను పుట్టింది ఇక్కడేనండి. ఏ ఊరెళ్లాలి? ఒళ్లు మండిపోయింది. కారు వెనక్కి తీసి, పక్క రోడ్డులో స్పీడుగా వస్తూ వాళ్ల దగ్గరికి రాగానే కీ ఆపి మళ్లీ తిప్పాను. జడుసుకుని లేచి పరుగెత్తాలని. కావాలనే చేశాను. పోలీసాయన అద్దం కొట్టి ఏంటది అన్నాడు. భయమేసి మఫ్లర్ సార్, మఫ్లర్ అన్నాను. అప్పటిదాకా నిజమే చెప్పాను. ఆయన అటు తిరిగాడు. అక్కడ మఫ్లర్ కట్టుకుని ఒకబ్బాయి ఉన్నాడు. స్టిక్కర్ వేసింది అతను కాదు. నవ్వింది అతను కాదు. అతన్ని అంతకుముందు నేను చూడనే లేదు. ఈడ్చుకుపోతుంటే, అది కాదు సార్ నా కారు సార్ అని ఒక్క మాట అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. కారు తీసుకుపోతారేమో అనిపించింది. తర్వాత, పోనీ, వాళ్లలో ఎవడో ఒకడు పోనీ అనిపించింది. సాయంత్రం స్టేషన్‌లో రాసింది నాకు చదివి వినిపించారు. రెండుసార్లు చదివారు. తప్పని నాకు అర్థమైంది మేడమ్. సంతకం పెట్టమన్నారు. వాళ్ల పెన్ను రాయకపోతే, నా పెన్ను తీసి పెట్టాను."