కుడి అన్న మాట

తాడు చుట్ట భుజాన వేసుకుని, పడవ ముందు కొసన నిలబడి, అతను పొగమంచులోకి కళ్లు చికిలించి చూస్తున్నాడు. అడ్డమేదైనా కనబడితే కేకెయ్యడం, రేవు చేరగానే తాడు కట్టడం అతని పని. పై గదిలో చుక్కాని పట్టేది బావమరిది. అతన్ని పనిలో పెట్టించిందీ, చెవి మెలేసి నేర్పిందీ తనే.

"పడవ మీద కుడీ ఎడమా అనకూడదు బావా. నువ్వు వెనక్కి తిరిగితే నీ కుడి మారిపోతుంది. పడవ ముక్కుకి కుడిపక్క స్టార్‌బోర్డ్, ఎడమపక్క పోర్ట్. నువ్వు తలకిందులుగా వేలాడినా అవి మారవు."

రేవు దగ్గరపడుతుండగా ఒక పసిపిల్ల రెయిలింగ్ ఎక్కింది. అతను చటుక్కున వెనక్కి తిరిగి పిల్లను దించాడు. తలెత్తేసరికి స్టార్‌బోర్డ్ పక్క మంచులోంచి రేవు గోడ మీదికి వచ్చేస్తోంది. పోర్ట్‌కి తిప్పమనాలి. వెనక్కి తిరిగి ఉన్న మనిషికి పోర్ట్ కుడిచేతి వైపు.

"కుడికి! కుడికి తిప్పు!"

ముందుకు చూస్తున్న బావమరిది తన కుడికి తిప్పాడు. పడవ గోడను గుద్దుకుంది. బెంచీ మీది ముసలావిడ పడిపోయి చెయ్యి విరగ్గొట్టుకుంది.

యజమాని ఊగిపోతూ వచ్చాడు. "ఎవడి నిర్వాకం ఇది?"

ఈ వయసులో తనకింకెవరు పనిస్తారు, అనుకున్నాడు అతను.

"బావ పోర్ట్ అనే అరిచాడండీ. నేనే తికమకపడ్డాను," అన్నాడు బావమరిది.

అతను వంగి తాడు ముడి సర్దాడు. ముడి సరిగ్గానే ఉంది.

యజమాని బావమరిదిని అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. మిగిలిన ట్రిప్పులు కొత్త మనిషి నడిపాడు. ముందు కొసన నిలబడి, అవసరం లేకపోయినా అతను ప్రతిసారీ "పోర్ట్", "స్టార్‌బోర్డ్" అని విడమరిచి అరిచాడు.

సాయంత్రం బావమరిది సంచీతో వచ్చాడు. "ఎగువ రేవులో మనిషి కావాలన్నారట బావా. వెళ్తున్నా."

"నేను చెప్పేస్తానురా."

"చెప్పి? ఇద్దరం ఇంట్లో కూర్చుంటే అక్క మనల్ని చీపురు పెట్టి తరుముతుంది." నవ్వబోయి ఆగాడు. "నాకైతే ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది."

యజమాని గది తలుపు తెరిచే ఉంది. అతను అటు చూశాడు. తాడు తీసి మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. బావమరిది మలుపు తిరిగిపోయాడు.

పడవ కడుగుతూ అతను పై గదిలోకి ఎక్కాడు. స్టూలు మీద, తమ్ముడి కోసం తన భార్య పాత బట్టలతో కుట్టిన దిండు, మధ్యలో గుంట పడి అలాగే ఉంది.