ఎవరి శాఖకూ చెందని పులుసు

స్మిల్యానా ఐదేళ్లు తేనెటీగల రొద మీద పరిశోధన చేసింది. ఈగలు జీవశాస్త్రం వాళ్లవి, రొద భౌతికశాస్త్రం వాళ్లది కనక ఆమెకు ఇద్దరు గురువులు దక్కారు. ఇద్దరూ కలిసి ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. ఈగల మేధావి ఓస్తోయిచ్‌ను కదిపితే, "ఆ లెక్కలన్నీ కుజ్మన్ చూసే ఉంటాడమ్మా" అనేవాడు. భౌతికశాస్త్రం కుజ్మన్ దగ్గరికెళితే, ఈగల గోల తనకెందుకు, ఓస్తోయిచ్ ఉన్నాడుగా అని కాఫీ చప్పరించేవాడు.

ఇలాంటి మహానుభావుల చేత డాక్టర్ అనిపించుకోవాలా అని ఆమెకు ఒళ్లు మండేది. పట్టా ఎలాగూ వస్తుంది. అక్కడ ఎవరికి రాలేదు కనక? ఆమె కోరిందల్లా ఒక్కటే. తన రాతను ఒక్కడైనా చదివి, ఒక్క నిజమైన ప్రశ్న వేయాలి.

అందుకని చివరి పరీక్ష రోజున కావాలనే ఒక తుంటరి పని చేసింది. రాణి ఈగ గూడు వదిలే ముందు రొద పెరుగుతుంది. ఆమె సమర్పించిన గ్రంథమంతా చెప్పేది అదే. తెర మీద మాత్రం రొదను చూపే గీతను తిప్పేసి, పాతాళానికి దిగేట్టు పెట్టింది. చదివినవాడెవడైనా కుర్చీలోంచి లేవాల్సిందే.

పక్కగదిలోంచి చేపల పులుసు వాసన వస్తోంది. పరీక్షకు నిలబడ్డవాళ్లే పరీక్షించినవాళ్లకు విందు పెట్టాలి మరి.

ఓస్తోయిచ్ గడ్డం నిమురుకున్నాడు. "గీత ఎంత అందంగా దిగిందో. భౌతికశాస్త్రం ఏమంటుంది?"

"మాకేం పేచీ లేదు," అన్నాడు కుజ్మన్, ముక్కు తలుపువైపు తిప్పి. "మీ ఈగలు అలాగే చేస్తాయా?"

"చేస్తాయి, చేస్తాయి. వాటి తత్వమే అంత."

ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అని స్మిల్యానాయే అడిగింది. ఒకటుందన్నాడు కుజ్మన్. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"పులుసులో కారం గట్టిగా వేశావా అమ్మాయ్?"

పట్టా ఏకగ్రీవంగా ఇచ్చేశారు.

అందరికన్నా ముందు ఆమె పక్కగదిలోకి వెళ్లి, ఉప్పు డబ్బాను కుండలో బోర్లించింది. ఇప్పుడే ఒక చుక్క పులుసు రుచి చూసి కుజ్మన్ గారు తెగ మెచ్చుకున్నారని ఓస్తోయిచ్ చెవిలో వేసింది. ఓస్తోయిచ్ గారు మెచ్చుకున్నారని కుజ్మన్ చెవిలో వేసింది.

మొదటి చెంచాకే ఓస్తోయిచ్ కళ్లు చెమర్చాయి. కుజ్మన్ గుటక సగంలో ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నువ్వు మెచ్చుకున్నదాన్ని నేను కాదంటే నా పరువేం కావాలని ఇద్దరికీ ఒకటే బెంగ.

"అద్భుతం," అన్నాడు ఓస్తోయిచ్.

"నాకు నోట మాట రావడంలేదు," అన్నాడు కుజ్మన్. ఐదేళ్లలో ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

"ఇంకాస్త వడ్డించనా గురువుగారూ?" అంది డాక్టర్ స్మిల్యానా, గరిటె చేతబట్టి.

ఇద్దరూ గిన్నెలు చాచారు.