అర సెకను ముందు మోగిన బూర

స్టూడియోలో అందరూ అతన్ని బూర మామ అంటారు. కామెడీ సినిమాల్లో ఎవరైనా జారిపడితే వెనకాల "పోంయ్" మని వినిపించేది అతని బూరే. ఒకసారి అతను ఊదితే గోడ మీది బల్లి నవ్వాపుకోలేక ఊడి కింద పడిందట. చూసినవాళ్ళు ఇద్దరున్నారు, అందులో ఒకడు బూర మామే.

ఈసారి సినిమా తీస్తున్నది బట్టల ఫ్యాక్టరీ యజమాని. ఆ ఫ్యాక్టరీలోనే మామ భార్య పందొమ్మిదేళ్ళుగా నిలబడి ఇస్త్రీ చేస్తోంది. మోకాళ్ళు అరిగిపోయి నిరుడు ఒక కుర్చీ అడిగింది. కుర్చీ రాలేదు కానీ సినిమాలో సీను వచ్చింది.

అందులో ఇస్త్రీ చేసే ముసలామె కుర్చీ అడుగుతుంది. యజమాని వేషగాడు గుండె మీద చెయ్యేసుకుని, "ఇది ఫ్యాక్టరీ కాదమ్మా, కుటుంబం. నేను మీ తండ్రిని" అంటాడు. ఆ మాట వెనకే ఆమె మోకాళ్ళు మడతపడి కూలబడుతుంది.

"ఆమె పడగానే బూర మోగాలి," అన్నాడు అసలు యజమాని. "కుర్చీ అడగటం ఎంత గొంతెమ్మ కోరికో జనానికి నవ్వుతూ నవ్వుతూ ఎక్కాలి. ముందుగా శుక్రవారం మన వర్కర్లకే ఊరికే చూపిస్తా. బూర లేకపోతే నువ్వూ లేవు."

ఇంటికెళ్ళి చెబితే, భార్య మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటూ వింది.

"నవ్వేది నన్ను చూసేగా?"

"నీ పేరెక్కడా లేదే."

"పేరెందుకయ్యా, మోకాళ్ళు చాలవూ? నేను పడ్డప్పుడు నా మొగుడి బూరే మోగితే, శనివారం నుంచి ఆ ఫ్యాక్టరీ గడప తొక్కను."

మర్నాడు మామ ఆ సీను నలభైసార్లు చూశాడు. మాట మార్చలేదు, బొమ్మ కత్తిరించలేదు. బూరను మాత్రం అర సెకను ముందే మోగేలా జరిపాడు. "తండ్రిని" అని వేషగాడు నోరు మూసిన క్షణాన అది "పోంయ్" మంది. ముసలామె పడేటప్పుడు నేలకు మోకాలు తగిలిన చప్పుడొక్కటే మిగిలింది.

యజమాని వచ్చి చూశాడు. తాను రాయించిన ఉపన్యాసం వచ్చినప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటాడు; తన మీద తనకున్న భక్తి అలాంటిది. బూర వినిపించింది. కళ్ళు తెరిచేసరికి ముసలామె నేల మీదుంది.

"భేష్. సరిగ్గా పడింది," అన్నాడు.

శుక్రవారం ప్యాకింగ్ హాల్లో తెర కట్టారు. నాలుగొందల మంది నేల మీద, యజమాని సోఫాలో. "నేను మీ తండ్రిని." పోంయ్. పైకప్పు రేకులు లేచిపోయేలా నవ్వారు. యజమాని మురిసిపోతూ కళ్ళు తెరిచాడు. తెర మీద ముసలామె పడింది. ఒక్కరూ నవ్వలేదు.

వెనక నుంచి ఎవరో అన్నారు: "తండ్రిగారూ, ఆ సోఫా అమ్మకివ్వండి."

యజమాని మామను పిలిపించాడు. "బూర తప్పు చోట మోగింది. మార్చు."

"మారుస్తా సార్. కానీ ఇక ఎక్కడ మోగినా వాళ్ళకి మీరే గుర్తొస్తారు."

మామ ఉద్యోగం అక్కడితో ఊడింది. కానీ ఫ్యాక్టరీలో యజమాని గుండె మీద చెయ్యేసుకున్నప్పుడల్లా ఏ వరుస నుంచో సన్నగా "పోంయ్" మనేది. మూడు వారాలు ఓర్చుకున్నాడు. నాలుగో వారం వరుసకో కుర్చీ దిగింది, వీపు ఆనే చోట ఆయన ముఖం చెక్కించి మరీ.

"ఎలా ఉందే కుర్చీ?" అడిగాడు మామ.

"బానే ఉంది. ఆయన ముక్కే కాస్త వీపుకి గుచ్చుకుంటోంది. రోజూ ఆనుకుంటే అదే అరుగుతుందిలే."